కర్ర మనది, కొలత ఎవరిది?

మా చిన్నాన్న కొడుకు స్టేజీల మీద గిటార్ వాయిస్తాడు. నేను చేసిన రెండో గిటార్ పూర్తవగానే వాడి చేతికిచ్చి, ఏమంటాడా అని ఎదురుగా కూర్చున్నాను. నాలుగు నెలల పని అది. బాడీ ఆకారం నేనే గీశాను. నెక్, అంటే ఎడమ చెయ్యి పట్టుకునే పొడవాటి మెడ, దాని వెనక వంపు నా చేతికి తగ్గట్టు చెక్కుకున్నాను. నూనె పట్టించి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పట్టించి కర్రలోని చారలు పైకి తేలేలా చేశాను. వాడు పది నిమిషాలు వాయించి బాగుందన్నాడు. తర్వాత గిటార్‌ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం, అదే బ్రిడ్జి, దాని మీద వేలు ఆనించి అడిగాడు.

"అన్నయ్యా, ఇది కొన్నదేగా?"

"అవున్రా. ఏం?"

"నా గిటార్‌కీ ఇదే ఉంది. చెయ్యి ఇక్కడ పడగానే నాదే వాయిస్తున్నట్టు అనిపించింది."

వాడు మెచ్చుకోలుగానే అన్నాడు. అలవాటైన చోట చెయ్యి పడటం వాయించేవాళ్లకి హాయి. కానీ ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. నాలుగు నెలలు కష్టపడి చేసింది వాడి దగ్గరున్న గిటార్‌నేనా, కర్ర మార్చి?

ఒక రాత్రి లేచి డ్రాయింగ్ కాగితాలు బల్ల మీద పరిచాను. ఎర్ర పెన్ను తీసుకుని, ఒక్కో కొలత పక్కన అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుకుంటూ పోయాను. బ్రిడ్జి దగ్గర తీగకీ తీగకీ మధ్య దూరం 10.5 మి.మీ. అది బ్రిడ్జితో పాటు వచ్చిన అంకె. చివరి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర నెక్ వెడల్పు ఆ 10.5 నుంచి లెక్కకట్టింది. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్‌లో పోల్‌పీసుల (ఒక్కో తీగ కింద ఉండే చిన్న లోహపు కడ్డీల) దూరం కూడా అంతే, తీగలు సరిగ్గా వాటి మీదుగా పోవాలి కదా. నెక్ కూర్చునే గుంట లోతు బ్రిడ్జి ఎత్తుని బట్టి వచ్చింది. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, నా ఇష్టప్రకారం 648 మి.మీ. పెట్టుకున్నాననుకున్నాను, అదీ ఫెండర్ గిటార్ల కంపెనీ వాళ్ల 25.5 అంగుళాలే. తెల్లారేసరికి కాగితం నిండా ఎరుపు. ఎరుపు తగలకుండా మిగిలినవి మూడు: బాడీ అంచు గీత, నెక్ వెనక వంపు, పాలిష్.

అచ్చు ఎవరిదో, పోత మాత్రం నాది.

ఆ తర్వాత మూడో గిటార్ చేశాను. ఈసారి బ్రిడ్జి, దాని మీద తీగలు నేరుగా ఆనే చిన్న ముక్కలు, అంటే శాడిళ్లు, నా చేత్తో ఇత్తడిలో కోసి చేశాను. ఇప్పుడు నాలుగోది మొదలుపెట్టాను. ఈ రెండేళ్లలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. ఒకరి చేతి కోసం గిటార్ చేస్తున్నాం అని చెప్పుకోవాలంటే, తీగ ఆనే లోహం మనమే చెయ్యాలి. అది కూడా కర్ర మీద రంపం పెట్టకముందే చెయ్యాలి. శబ్దం బాగుంటుందని మాత్రం ఈ మాట చెప్పట్లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను, ఎందుకంటే చేత్తో చేసిన లోహం గురించి జరిగే వాదనలన్నీ శబ్దం దగ్గరే ఇరుక్కుపోతున్నాయి.

లోహం చెప్తే కర్ర వింటుంది

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1952లో గిబ్సన్ గిటార్ల కంపెనీ వాళ్లు మొదటి లెస్ పాల్ గిటార్లు తెచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. వాటికి ట్రెపీజ్ టెయిల్‌పీస్ (తీగల చివరలు పట్టి ఉంచే కడ్డీ) బిగించారు, బ్రిడ్జి పని కూడా దానిదే. తీగలు కడ్డీ పైనుంచి పోయేలా దాన్ని రూపొందించారు. తీరా చూస్తే నెక్ వెనక్కి వాలాల్సినంత వాలలేదు. పైనుంచి పోనిస్తే తీగలు ఫ్రెట్లకి అందనంత ఎత్తులో ఉంటాయి. అందుకని కడ్డీ కిందినుంచి చుట్టి పంపించారు. దాంతో కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి నాదాన్ని అదిమే వీలు లేకుండా పోయింది. బంగారు రంగు పూసిన అంత అందమైన గిటార్ మీద చెయ్యి పెట్టుకోవడానికి చోటు లేదు. 1953లో టెయిల్‌పీస్ మార్చారు, నెక్ కోణమూ పెంచారు. లోహం చెప్పిన మాట కర్ర వినలేదు, చివరికి కర్రే వంగాల్సి వచ్చింది.

1954లో గిబ్సన్ వాళ్లదే ట్యూనోమాటిక్ అనే బ్రిడ్జి వచ్చింది. అది బాడీ మీద ఎత్తుగా నిలబడుతుంది, అందుకే ఈరోజుకీ ఆ తరహా గిటార్లకి నెక్ వెనక్కి వాలి ఉంటుంది. ఫెండర్ వాళ్ల టెలికాస్టర్ గిటార్ బ్రిడ్జి పొట్టి, అందుకే దాని నెక్ బాడీకి సమానంగా తిన్నగా ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా గురించి జనం మాట్లాడేటప్పుడు మహోగనీ, యాష్, మేపుల్ అని కర్రల పేర్లు చెప్తారు. వాయించేవాడి మోచేయి ఎక్కడ ఆనుతుంది, మణికట్టు ఎంత లేస్తుంది అన్నది మాత్రం బ్రిడ్జి ఎత్తు నిర్ణయిస్తుంది.

టెలికాస్టర్‌లో ఇంకో ముచ్చట ఉంది. ఆరు తీగలకి మూడే శాడిళ్లు. ఒక్కో శాడిల్ మీద రెండు తీగలు. ఒకదానికి ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతి సరిగ్గా పలకడం) కుదిరితే రెండోదానికి కాస్త తప్పుతుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కి ఆరు విడివిడి శాడిళ్లు పెట్టారు. అయినా ఆ మూడు ఇత్తడి కడ్డీల బ్రిడ్జినే కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ చిన్న తప్పుకి వాళ్ల చెవి అలవాటు పడింది, దాన్ని సర్దుకుంటూ వేళ్లు నొక్కడం నేర్చుకున్నాయి. మూడు ఇత్తడి ముక్కలు కొన్ని తరాల చేతుల్ని తీర్చిదిద్దాయి. అంత బలం ఉన్న భాగాన్ని డబ్బాలోంచి తీసి బిగించేసి, నేను మాత్రం కర్ర చారల దగ్గర నెలలు గడిపాను.

ఆకురాయి పట్టుకున్నాక

మా మావయ్య ముప్ఫై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాడు. నేను ఇత్తడి పట్టీ వైస్‌లో బిగించి ఆకురాయి రుద్దుతుంటే కాసేపు చూసి, "ఏం, గరిట తోముతున్నావా?" అన్నాడు. ఆకురాయి ముందుకి పోయేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కొంచెం ఎత్తాలి, లేకపోతే పళ్లు అరుగుతాయి. నిలబడే తీరు కూడా మార్చాడు. ఎడమ కాలు ముందుకి, మోచేయి ఒంటికి దగ్గరగా, బరువు భుజంలోంచి రావాలి. ఆకురాయికి సుద్దముక్క రుద్దితే రజను పళ్లలో ఇరుక్కోదని చెప్పాడు. అన్నింటికన్నా పనికొచ్చిన మాట ఇంకోటి: ఇత్తడికి కొత్త ఆకురాయి వాడు, అది మొద్దుబారాక ఉక్కుకి వాడు. ముందే ఉక్కు మీద వాడితే మళ్లీ ఇత్తడిని పట్టదు, జారుతుంది. నేను అప్పటిదాకా పాత ఆకురాయితోనే కుస్తీ పడుతున్నాను.

పని ఇదీ. 3 మి.మీ. మందం ఇత్తడి రేకు, దాని వెనక అంచున నిలువు గోడ, మధ్యలో పికప్‌కి రంధ్రం. దాని మీద ఆరు శాడిళ్లు. 10 మి.మీ. మందం పట్టీలోంచి 11 మి.మీ. వెడల్పు ముక్కలు హ్యాక్సాతో కోసి, ఆకురాయితో 10.4కి దించాలి. తీగల దూరం 10.5 కాబట్టి పక్కపక్క శాడిళ్ల మధ్య మి.మీ.లో పదో వంతు సందు. అంతకంటే ఎక్కువుంటే శాడిళ్లు పక్కలకి ఊగుతాయి, తక్కువైతే ఒకదాన్నొకటి పట్టేస్తాయి. ఒక్కో శాడిల్‌కి మూడు చోట్ల ఎం3 మరలు (3 మి.మీ. స్క్రూ పట్టే చుట్లు) తియ్యాలి: వెనకనుంచి ఇంటొనేషన్ స్క్రూకి ఒకటి, ఎత్తు సర్దే చిన్న స్క్రూలకి రెండు. మొత్తం పద్దెనిమిది. మరలకి 2.5 మి.మీ. డ్రిల్ బిట్.

ఇత్తడిలో రంధ్రం వెయ్యడం తేలిక అనుకుంటాం. మామూలు డ్రిల్ బిట్ ఇత్తడిని కొయ్యదు, కొరికి లోపలికి లాక్కుంటుంది. అవతలి వైపు బయటికొచ్చే క్షణంలో ముక్క చేతిలోంచి విసురుగా తిరుగుతుంది. పల్చటి రేకైతే వేళ్లు తెగుతాయి. బిట్ కోసే అంచుని నూనెరాయి మీద కొద్దిగా చదును చేస్తే ఆ కొరుకుడు ఆగుతుంది. ముక్కని వైస్‌లో బిగించకుండా మాత్రం ఎప్పుడూ డ్రిల్ పెట్టకండి. ఇంకొకటి, సులువుగా కోసుకునేలా తయారుచేసే ఇత్తడిలో మూడు శాతం దాకా సీసం కలుపుతారు. ఆ రజనుని నోటితో ఊదకూడదు, చేతులు కడుక్కోకుండా నోట్లో ఏదీ పెట్టకూడదు.

నాలుగో శాడిల్ దగ్గర ట్యాప్, అంటే రంధ్రంలో మరలు కోసే ఉక్కు పనిముట్టు, విరిగింది. అది అవతలికి తేలని రంధ్రం, లోతు 12 మి.మీ. అనుకున్నాను, నిజానికి 10 దగ్గరే ఆపాను. ట్యాప్ అడుగు తగిలింది. చేతికి తెలిసింది కూడా, పిడి కొంచెం స్ప్రింగులా వెనక్కి తన్నింది. ఇంకో పావు తిప్పు అనుకున్నాను. టప్ మని చిన్న చప్పుడు. చేతిలో సగం, ఇత్తడిలో సగం. మూడు సాయంత్రాల పని ఆ ముక్కలో ఉంది.

పారేసి మళ్లీ మొదలుపెట్టబోతుంటే మావయ్య పటిక అడిగాడు. గడియారాలు బాగుచేసేవాళ్లకి తెలిసిన ఉపాయమట. వేడి నీళ్లలో బాగా చిక్కగా పటిక కరిగించి, శాడిల్ అందులో వేసి సన్నటి వేడి మీద ఉంచాం. పటిక నీళ్లు ఉక్కుని తినేస్తాయి, ఇత్తడి జోలికి పోవు. కాసేపటికే విరిగిన ట్యాప్ చుట్టూ చిన్న బుడగలు లేవడం మొదలైంది. రెండు రోజులు అలా వేడి చేస్తూ, ఆపుతూ, నీళ్లు కలుపుతూ ఉంటే ఉక్కు నల్లటి బురదలా మారిపోయింది. సూదితో గెలికితే రాలింది. లోపల నేను తీసిన మరలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ శాడిల్ ఇప్పుడు నా గిటార్ మీద మూడో తీగ కింద ఉంది. మిగతావాటికన్నా కాస్త ఎర్రగా కనిపిస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, "చేత్తో చేశాను" అనే మాట వెనక ఇలాంటివే ఉంటాయి. అందులో మహిమ లేదు. పదో వంతు మిల్లీమీటరు కోసం గంటసేపు నిలబడటం ఉంది.

ఒకటిన్నర మిల్లీమీటరు

తీగలు ఎక్కించిన రోజు నా వాదన నాకే ఎదురుతిరిగింది. శాడిళ్లు పూర్తిగా కిందికి దించినా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 2.6 మి.మీ. ఎత్తులో ఉంది. వాయిస్తే వేళ్లు నొప్పి. మళ్లీ మళ్లీ కొలిస్తే సంగతి తేలింది. డ్రాయింగ్‌లో రేకు మందం 1.5 మి.మీ. అని వేసుకున్నాను. తీరా వాడింది 3. కర్ర మాత్రం డ్రాయింగ్ ప్రకారం ఎప్పుడో కోసేశాను. నెక్ గుంట లోతు అయిపోయింది. నోటితో లోహం ముందు అంటూనే, చేతితో కర్రే ముందు కోశాను.

కొన్న బ్రిడ్జి అయి ఉంటే అప్పుడు నా ముందు ఒకటే దారి: నెక్ కింద పల్చటి చెక్క పెట్టి లేపడం. అంటే మళ్లీ కర్రే సర్దుకోవాలి. ఇది నాది కాబట్టి ఆరు శాడిళ్లూ విప్పి, అడుగున ఒకటిన్నర మి.మీ. ఆకురాయితో తీసేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. శాడిళ్లు కిందికి దిగేసరికి వెనక గోడలోని స్క్రూ రంధ్రాలు వాటికి ఎదురుగా లేవు. సన్నటి గుండ్రటి ఆకురాయితో ఆ రంధ్రాల్ని కిందికి కోలగా సాగదీశాను. ఎత్తు సర్దే స్క్రూలు పైకి పొడుచుకొచ్చి అరచేతికి గుచ్చుకుంటుంటే వాటినీ పొట్టిగా కోశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర 1.8కి కాస్త పైన నిలిచింది.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది, నాకు నేనే వేసుకున్నాను. కొలత మనది కావాలి, అంతేగా? అయితే కంప్యూటర్లో గీసి యంత్రానికి పంపొచ్చు. మి.మీ.లో నూరో వంతు తేడా లేకుండా కోసిస్తుంది. ఈ ఆకురాయి, సుద్దముక్క, విరిగిన ట్యాప్ ఎందుకు?

ఈ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. ఇదే బ్రిడ్జి ఇంకోటి కావాలంటే యంత్రానికే పంపుతాను, అందులో నాకు పట్టింపు లేదు. కానీ యంత్రానికి అంకె ముందే చెప్పాలి. తీగ ఎక్కించి, చెయ్యి ఆనించి, వాయించి చూసేదాకా నాకు ఆ అంకె తెలియదు. శాడిల్ అంచు ఎంత గుండ్రంగా ఉండాలో కాగితం మీద తేలదు. నేను మొదట అర మి.మీ. గుండ్రం చేశాను, పది నిమిషాల్లో అరచేతి మీద ఎర్రటి గీతలు పడ్డాయి. ఒకటిన్నర చేశాక మర్చిపోయాను. మర్చిపోవడమే కావలసింది. చేత్తో చెయ్యడం అంటే నిర్ణయాన్ని చివరిదాకా వాయిదా వెయ్యగలగడం. ఇంటొనేషన్‌కి శాడిల్ ఒక మి.మీ. వెనక్కి జరిపితే పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి రెండున్నర సెంట్లకి (సెంటంటే అరస్వరంలో నూరో వంతు) పైగా దిగుతుంది. అది లెక్క చెప్పే సంగతి. అరచేతి ఎరుపుకి లెక్క లేదు.

శబ్దం మాట

ఇత్తడి బ్రిడ్జి అనగానే అడిగే మొదటి ప్రశ్న, "నాదం ఎక్కువసేపు నిలుస్తుందా?" 1970ల్లో ఇత్తడి నట్‌లు (నట్ అంటే నెక్ పై చివర తీగలు ఆనే ముక్క), ఇత్తడి బ్రిడ్జిలు ఒక ఊపు ఊపాయి. బరువైన లోహం తీగ శక్తిని కర్రలోకి పోనివ్వకుండా తిప్పి పంపుతుందని, నాదం సాగుతుందని అన్నారు. సూత్రం తప్పేం కాదు. తీగ చివర ఎంత కదలకుండా ఉంటే శక్తి అంత తక్కువ పోతుంది. అయితే ఇత్తడైనా ఉక్కైనా తీగతో పోలిస్తే కొండలాంటివే. వాటి మధ్య తేడా చెవికి అందేంత ఉందా?

పరీక్ష పెట్టుకున్నాను. నా ఇత్తడి శాడిళ్లతో కొంత, అదే గిటార్‌కి కొన్న ఉక్కు శాడిళ్లు బిగించి కొంత, అవే తీగలతో అదే వరసలు రికార్డు చేశాను. శాడిళ్లు మార్చేలోగా చెవి మర్చిపోతుంది కాబట్టి అలా చేశాను. తమ్ముడు కళ్లు మూసుకుని విన్నాడు. ఇత్తడి అన్నది ఉక్కు అయింది, ఉక్కు అన్నది ఇత్తడయింది, ఒక్కోసారి సరిగ్గా చెప్పాడు. కాసేపటికి "నువ్వు పిక్ పట్టుకునే కోణం మారుతోంది, అదే వినిపిస్తోంది" అన్నాడు. నిజమే, ఆ తేడా ముందు ఇది ఏపాటిది? ఒక్క గిటార్ మీద ఇద్దరం చేసిన పరీక్షతో తీర్పు చెప్పను. కానీ నాదం కోసం ఇత్తడి కొయ్యమని ఎవరికీ చెప్పలేను.

ఇంకో చోట మాత్రం లోహం శబ్దాన్ని మార్చింది, అదీ నాకు నచ్చని దిక్కుకి. పికప్ చుట్టూ ఉన్న ఇత్తడి రేకు. రెండో గిటార్‌లో ఉన్న పికప్‌నే తీసి ఇందులో పెట్టాను, పై స్వరాల మెరుపు కొంచెం తగ్గింది. కారణం స్పష్టం. ఇత్తడి కరెంటుని బాగా పారనిస్తుంది. కాయిల్ చుట్టూ ఇత్తడి పూర్తి వలయంలా ఉంటే, తీగ కదలికకి పుట్టే మారే అయస్కాంత క్షేత్రం ఆ రేకులో కూడా సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. అవి పై స్వరాల శక్తిని తినేస్తాయి. పికప్ మూతల విషయంలో ఇది పాత సంగతే. అందుకే ఇత్తడి మూతలకన్నా, నిరోధం ఎక్కువున్న నికెల్ సిల్వర్ మూతలు మేలంటారు.

విరుగుడు కూడా లోహం పనిలోనే ఉంది. వలయాన్ని తెంచాలి. పికప్ రంధ్రం నుంచి రేకు అంచుదాకా హ్యాక్సాతో ఒక్క కోత. అద్దంలా మెరుగు పెట్టిన రేకు మీద రంపం పెట్టడానికి చెయ్యి రాలేదు, రెండు రోజులు ఆలోచించాను. కోశాను. మెరుపు చాలావరకు తిరిగొచ్చింది. ఇప్పుడు చూసినవాళ్లు ఆ చీలిక ఏమిటని అడుగుతారు. నా గిటార్ మొత్తంలో శబ్దం కోసం లోహం మీద చేసిన పని అదొక్కటే.

చెయ్యకూడనివి

లోహమంతా చేత్తోనే చెయ్యాలని నేను అనను. తీగలు బిగించి శ్రుతి చేసే ట్యూనర్లు కొనండి. ఒకటికి పద్నాలుగు, పద్దెనిమిది నిష్పత్తిలో తిరిగే ఆ పురుగు మరని చేత్తో కొయ్యగలిగినా, వాయించేవాడి చేతికి దానివల్ల కొత్తగా వచ్చేదేమీ లేదు. ఫ్రెట్ తీగ కొనండి, స్క్రూలు కొనండి. చెయ్యి తగిలేది, తీగ దారిని నిర్ణయించేది మనది అయితే చాలు.

కత్తి అంచు మీద ఊగే ట్రెమొలో (పిడి నొక్కి శ్రుతిని ఊపే బ్రిడ్జి) జోలికి పోయేముందు ఇంకా ఆలోచించాలి. అలాంటి ట్రెమొలోకి పేరు పడ్డ ఫ్లాయిడ్ రోజ్ నగల పని తెలిసిన మనిషి. 1970ల రెండో సగంలో తన మొదటి లాకింగ్ నట్‌ని (తీగల్ని జారకుండా బిగించి పట్టే నట్) చేత్తో ఇత్తడిలో చేశాడు. ఇత్తడి త్వరగా అరిగిపోయింది. గట్టిపరచిన ఉక్కుకి మారాకే అది నిలిచింది. ఆరు తీగల లాగుడు, మామూలు పది నంబరు సెట్‌కి (అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో వెయ్యికి పది వంతుల మందం ఉండేది), 45 కిలోల పైమాటే. అంత బరువు ఒక సన్నటి అంచు మీద పడి ఊగుతుంటే మెత్తటి లోహం ఆగదు.

అలాగని భయపడి ఆగిపోవాలనీ లేదు. క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే, వాళ్ల నాన్న కలిసి 1963లో మొదలుపెట్టి ఇంట్లోనే చేసిన గిటార్‌లో ట్రెమొలో గట్టి ఉక్కు కత్తి అంచు మీద ఊగుతుంది. తీగల లాగుడుకి ఎదురు నిలిచేవి ఒక పాత పాంథర్ మోటార్‌సైకిల్ ఇంజను వాల్వు స్ప్రింగులు. బ్రిడ్జిలో తీగలు ఆనే చిన్న రోలర్లు కూడా చేత్తో చేసినవే. తీగ రాపిడి తగ్గాలి, శ్రుతి తిరిగి వచ్చిన చోటికే రావాలి, ఇదే వాళ్ల గోల. ఆ గిటార్ గురించి చెప్పేటప్పుడు అందరూ పొయ్యి గూటి పాత కర్ర గురించి చెప్తారు. నాకు మాత్రం ఆ కత్తి అంచు ముందు గుర్తొస్తుంది. ఏ లోహం ఎక్కడ కావాలో వాళ్లకి తెలుసు.

నన్ను ఇంకా తొలిచే సందేహం ఒకటుంది, దానికి పూర్తి జవాబు లేదు. నా తర్వాత ఈ గిటార్ ఎవరి చేతికో పోతుంది. శాడిల్ అరిగిపోతే వాళ్లేం చెయ్యాలి? కొన్న బ్రిడ్జికైతే విడిభాగం దొరుకుతుంది. నా శాడిల్‌కి దొరకదు. నా చేతి కొలత, ఇంకొకరికి తలనొప్పి. ఒక గిటార్ బాగుచేసే ఆయన నాతో మొహం మీదే అన్నాడు, "మీలాంటివాళ్లు చేసినవి వస్తే నాకు ఒక రోజు పోతుంది" అని. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే మరలన్నీ ఎక్కడైనా దొరికే ఎం3 మాత్రమే పెట్టాను, తీగల దూరాన్ని కూడా ఆ గిటార్‌కి 10.5 దగ్గరే ఉంచాను. కొలతలన్నీ రాసిన డ్రాయింగ్‌ని మడిచి కంట్రోల్ గుంటలో, మూత వెనక అతికించాను. అది చాలుతుందా అంటే చెప్పలేను. మనిషి చేతికి సరిపోవడం, పదిమందికీ సరిపోవడం రెండూ ఒకే లోహంలో ఎంతవరకు ఇముడుతాయో నాకింకా తేలలేదు.

నాలుగో గిటార్ తమ్ముడి కోసం. ఈసారి వాణ్ణి ఏ కొలతా అడగలేదు. అడిగితే అలవాటైన అంకే చెప్తాడు. ఒక చెక్క మీద ఆరు తీగలు బిగించి, గాడుల దూరం వేరువేరుగా ఉన్న మూడు ఇత్తడి పట్టీలు చేశాను: 10.5, 10.2, 9.9. అంకెలు అడుగున చెక్కాను, పైకి కనపడవు. మార్చి మార్చి వాయించమన్నాను. మొదటిది పెట్టగానే "ఇది నాదే" అన్నాడు. మూడోది ఇరుగ్గా ఉందన్నాడు. రెండోదాని మీద అరగంట ఉండిపోయాడు. మధ్యలో ఒకసారి తల ఎత్తి, "ఇది ఎవరిది?" అని అడిగాడు.

ఇప్పుడు వైస్‌లో ఇత్తడి పట్టీ బిగించి, 10.2 దగ్గర గీత గీస్తున్నాను. సందుకి పదో వంతు పోతే ఒక్కో శాడిల్ 10.1. నెక్ కోసం తెచ్చిన మేపుల్ గోడకి ఆనించే ఉంది. దాని మీద ఇంకా పెన్సిల్ కూడా పెట్టలేదు.